నాలుక మీద ఇసుకరాయి

రిటైరయ్యాక నా చేతికి రాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్న మా నాచారం సందు చివరి ఇంటాయన, కొత్త గేటు స్తంభాలకు అతికించడానికి తెప్పించిన పలకల్లో ఒకటి పట్టుకుని వచ్చాడు. "మేడమ్, దుకాణపాయన గిది ఇసుకరాయి అంటుండు. నిజమేనా, నాకు టోపీ పెడుతుండా? జర సూసి చెప్పుండ్రి" అన్నాడు. నేను పలకను తిరగేసి, పాలిష్ లేని వైపు కాసేపు చూసి, నాలుక ఆనించాను. ఆయన మొహం అప్పుడు చూడాలి. తన గేటు సంగతి ఎవరి చేతిలో పెట్టానా అని బెంగపడ్డట్టు నిలబడిపోయాడు.

"ఇసుకరాయే. నిక్షేపంగా తీసుకోండి" అని పలక తిరిగి ఇచ్చేశాను.

నేను ఉద్యోగంలో చేసిన పని ఇంచుమించు ఇదే. జియాలజీ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇది చదువుతారని రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కమిటీలో కూర్చున్నాను లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు. ఒక రాయి గురించి, ఒక ఆఫీసరు గురించి, పప్పు ఉడకని ఒక ఊరి గురించి మాత్రం చెబుతాను.

సుత్తి తర్వాత, ముందు కళ్ళు

మా ల్యాబు ఉప్పల్‌లో, రాళ్ళు దాచే గోడౌను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో. ఈ రెంటి మధ్య ఆటోల్లో, బస్సుల్లో, చివరి రోజుల్లో మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్‌లో నా ఉద్యోగం గడిచిపోయింది. బోరు మిషన్లు భూమి లోపలి నుంచి రాతి కడ్డీలు తీస్తాయి. వాటిని మేం కోర్లంటాం. వాటిని ట్రేలలో వరసగా పేర్చి గోడౌనుకు పంపుతారు. అవి ఏ రాళ్ళో తేల్చి చెప్పడం నా సెక్షన్ పని. వినడానికి ఇంతే, ఒక్క మాట రాయడం. కానీ ఆ ఒక్క మాటను పట్టుకుని బోరు ఎక్కడ వేయాలో, డ్యాము ఎక్కడ కట్టాలో మనం చూడని మనుషులు నిర్ణయించేస్తారు. ఆ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు.

కొత్తగా చేరిన పిల్లలందరికీ ఒకటే తొందర. రాయి కనపడగానే సుత్తి ఎత్తుతారు. ఆగండి నాయనా, అది ఎక్కడికీ పోదు. ముందు చూడండి. పొరలున్నాయా, ఆ పొరల్లో ఏటవాలు గీతలున్నాయా, రంగు లోపలిదా పైపూతా, ఇవన్నీ కంటికే తెలుస్తాయి.

ఇసుకరాయి అంటే ఒకప్పటి ఇసుకే. ఏటి ఇసుకో, సముద్రపు ఒడ్డు ఇసుకో, ఎడారి ఇసుకో. ఎక్కడో కొండ అరిగింది. నీళ్ళో గాలో ఆ గింజల్ని మోసుకొచ్చి దించాయి. పొర మీద పొర పడింది, పై బరువుకు అణిగింది, గింజల సందుల్లో సిలికానో సున్నమో ఇనుప తుప్పో చేరి అతుక్కుంది. అదీ కథ. దీన్నే అవక్షేప శిల అంటారు. పుస్తకంలో ఆ మాట చూసి బెదిరిపోకండి. అవక్షేపం అంటే అడుగున పేరుకున్నది, చారు గిన్నె అడుగున చేరుతుందే, అదే.

లెన్స్ పెట్టి చూస్తే గింజలు విడివిడిగా కనపడతాయి. బొటనవేలితో గట్టిగా రుద్దితే కొన్ని రాళ్ళు నాలుగు గింజలు రాలుస్తాయి, కొన్ని రాల్చవు. యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగిందంటే అతికించింది సున్నం అన్నమాట. ఇక సుత్తి. ఇసుకరాయి విరిగితే మామూలుగా గింజల చుట్టూ తిరిగి విరుగుతుంది, అందుకే విరిగిన ముఖం గరుకుగా ఉంటుంది. అదే ఇసుకరాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లొంగి క్వార్ట్‌జైట్‌గా మారిందనుకోండి, గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని ఏకమైపోతాయి. అప్పుడు విరుపు గింజల్ని చీల్చుకుంటూ పోతుంది, ముఖం గాజు పెంకులా మెరుస్తుంది. అది అవక్షేప శిల కాదు, రూపాంతర శిల. తల్లి ఇసుకరాయే అయినా స్వభావం వేరు.

నీళ్ళ దగ్గర ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది. ఇసుకరాయి గింజల మధ్య ఖాళీలుంటే నీళ్ళు పీల్చి దాచుకుంటుంది. క్వార్ట్‌జైట్‌లో పగుళ్ళుంటే తప్ప చుక్క నిలవదు. విరిచిన ముఖం మీద ఒక నీటి బొట్టు వేసి చూడండి, చాలావరకు తెలుస్తుంది. అన్ని ఇసుకరాళ్ళూ పీల్చవు, సందులు పూర్తిగా పూడిపోయినవి కూడా ఉంటాయి. అందుకే ఒక్క పరీక్షతో తేల్చేయకూడదని నెత్తీనోరూ కొట్టుకుని చెబుతాను.

నీళ్ళ సీసా దగ్గర లేకపోతే నాలుక ఉంది. ఖాళీలున్న రాయి నాలుకను కాస్త పట్టుకుంటుంది. ఫీల్డులో తిరిగిన వాళ్ళందరికీ ఈ అలవాటు ఉంటుంది. దీన్ని ఎవరూ నేర్పరు, ఎవరూ ఒప్పుకోరు. అలాగని కనపడ్డ రాయినల్లా నాకకండి. గనుల పక్కనా ఫ్యాక్టరీల వెనకా దొరికిన రాళ్ళ జోలికి నాలుకతో పోవద్దు. ఆ మాత్రం బుద్ధి ఉండాలి.

భాస్కరరావు గారు

ఈ నాలుక దగ్గరే నాకూ మా డైరెక్టరు భాస్కరరావు గారికీ చెడింది.

ఆయనది రాజమండ్రి వైపు. యంత్రాల మనిషి. ఆయన రాకముందు మా ల్యాబు రేషన్ షాపులా ఉండేది. ఆయన వచ్చి కొత్త త్రాసులు తెప్పించారు, మైక్రోస్కోపులు బాగు చేయించారు, ఎవరి పని వాళ్ళు వేళకు చేసేలా చేశారు. నా పై అధికారుల్లో ఆయన్ని పైవరసలోనే పెడతాను. కోపం వస్తే కేకలు వేసేవారు కాదు, మర్యాదగా మాట్లాడి చంపేవారు.

వచ్చిన కొత్తలోనే ఒకరోజు నేను కోరు ముక్కకు నాలుక ఆనిస్తుండగా గుమ్మంలో నిలబడి చూశారు.

"విజయ గారూ, ఇది ల్యాబండీ, చాట్ బండి కాదు."

"అలవాటు సార్."

"అలవాటు సరేనండీ. మా త్రాసు సరిగ్గా తూస్తోందా అని ఏడాదికోసారి కాలిబ్రేషన్ చేయిస్తాం. మీ నాలుక్కి ఎవరు చేశారు?"

సెక్షన్ అంతా కిసుక్కుమంది. మర్నాడు గోడ మీద నోటీసు వెలిసింది. ల్యాబులో తినుట, త్రాగుట, నమూనాలను నాలుకతో తాకుట నిషేధం. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన రైల్వేలో పనిచేసేవారు. ఇంటికొచ్చి చెబితే, "పోనీలే, మీ ఆఫీసులో నీ ఒక్కదాని కోసం చట్టం చేశారు" అని నవ్వారు.

భాస్కరరావు గారికి ఒకటే బలహీనత, మెరుపు. బల్లలు మెరవాలి, గాజు బీరువాలు మెరవాలి, బూట్లు మెరవాలి. తనిఖీకి పెద్దవాళ్ళు వస్తున్నారంటే చాలు, బిల్డింగు మొత్తానికి పెళ్ళికళ వచ్చేసేది. తనిఖీలో చూపించడానికి ఎంచిన కోర్లను కోయకూడదని కూడా ఆయనే నియమం పెట్టారు. అందంగా పేర్చినవి పాడవుతాయట. రాయిని కోయకుండా రాయి పని చేయమనడం ఏమిటని నేను గొణుక్కునేదాన్ని. గొణుగుడు ఫైలుకెక్కదు కదా.

పప్పు ఉడకని ఊరు

ఒక ఎండాకాలం ఫీల్డు క్యాంపు నుంచి నేను తిరిగొచ్చేసరికి నా గది బయట బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. హనుమకొండ బస్సులో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగి, అడుక్కుంటూ అడుక్కుంటూ నడిచి వచ్చిందట. పేరు సరోజన. ములుగు అవతల అడవి అంచున ఒక ఊరికి సర్పంచి.

"మేడమ్, మా ఊరి రిపోర్టు మీ తాననే ఉన్నదంట. గది ఏమైందో తెలుసుకొని పోదామని వచ్చిన" అంది.

"రిపోర్టు మీకు చెప్పకూడదమ్మా. మంచినీళ్ళ డిపార్టుమెంటుకు వెళ్తుంది."

"చెప్పకుండ్రి. నేను చెప్పేదన్న ఇనుండ్రి" అని తనే లోపలికొచ్చి కూర్చుంది. "మా ఊరి బాయిలన్నీ ఉప్పు నీళ్ళే. చాయ పెడితే పాలు ఇరుగుతయి. సబ్బు నురగ రాదు. గవన్నీ ఇడిసిపెట్టుండ్రి, పప్పు ఉడకది మేడమ్. కుక్కరు కూత మీద కూత ఏస్తనే ఉంటది, మూత తీస్తే గోలీల లెక్క గట్లనే ఉంటది. మా ఇండ్లల్ల ఆడోళ్ళు కూతలు లెక్కవెట్టుడే ఇడిసిపెట్టిన్రు. నేను ఓట్లప్పుడు ఒక్కటే మాట చెప్పిన, మంచినీళ్ళు తెస్త అని. ఇంకో మాట చెప్పలే. నన్ను గెలిపిచ్చిన్రు."

పై పొరల్లో బురదరాయి ఉన్న చోట బావి నీళ్ళు అలాగే ఉంటాయి. దాని అడుగున మంచి రాయి ఉంటే లోతు బోరు వేసి మంచినీళ్ళు తీయొచ్చు. అందుకోసమే డిపార్టుమెంటు వాళ్ళు ఆ ఊళ్ళో సన్నటి పరీక్ష రంధ్రం వేసి కోర్లు మాకు పంపారు. ఆ రంధ్రం తర్వాత పూడిపోయింది, అందులో మోటారు దించి చూసే అవకాశం లేదు. ఇక ఉన్న ఆధారం కోర్లే. పెద్ద బోరు మిషను మండలంలోనే నిలబడి ఉంది. మేం సరే అంటే అక్కడ దిగుతుంది, కాదంటే వేరే జిల్లాకు వెళ్ళిపోతుంది.

"ఇప్పుడు పోతే మళ్ళ మా దిక్కు ఎవరొస్తరు మేడమ్?" అంది సరోజన. అప్పటిదాకా గలగల మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాట దగ్గర గొంతు తగ్గించింది.

ఆమె బయటికి వెళ్ళాక బల్ల మీద కాగితాలు తీశాను. ఆ ఊరి రిపోర్టు పైనే ఉంది. నేను లేనప్పుడు తయారైంది. రాయి క్వార్ట్‌జైట్, నీరు పీల్చే గుణం దాదాపు శూన్యం, బోరు సిఫారసు చేయడం లేదు. డైరెక్టరు సంతకం అయిపోయింది. నా సంతకం కోసం ఖాళీ వదిలారు.

జతచేసిన ఫోటోలు చూశాను. కోర్లు తళతళ మెరుస్తున్నాయి. గాజు మెరుపు, క్వార్ట్‌జైట్ అనే అనిపిస్తుంది. కానీ ఒక పొరలో ఏటవాలు గీతలు అంత శుభ్రంగా, నిన్న ఏరు దించిపోయిన ఇసుకలా ఉన్నాయి. క్వార్ట్‌జైట్‌లో కూడా ఆ గీతలు మిగలొచ్చు, కాబట్టి అది రుజువు కాదు. నాకు అనుమానం మాత్రం పట్టుకుంది. ఆ కాగితాలు తీసుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళాను.

"థిన్ సెక్షన్ చేశారా సార్?" అని అడిగాను. రాయిని కోసి, గాజు పలక మీద అతికించి, వెలుతురు దాటేంత పలుచగా అరగదీస్తే వచ్చేది థిన్ సెక్షన్. మైక్రోస్కోపు కింద పెడితే గింజలు ఎలా అతుక్కున్నాయో కళ్ళకు కడుతుంది.

"అవి తనిఖీకి పెట్టిన కోర్లండీ. కోయొద్దన్నాను కదా. ఉన్న ముక్కల్ని ఉన్నట్టే నీళ్ళలో నానబెట్టి తూచారు. బరువు పెరగలేదు."

"కోయకుండా ఇది ఫలానా రాయి అని నేనెలా సంతకం పెట్టను సార్?"

"రాయి నీళ్ళు తాగలేదండీ. ఇంకేం కావాలి మీకు? సోమవారం తనిఖీకి ఆ డిపార్టుమెంటు చీఫ్ ఇంజనీరు గారు వస్తున్నారు. సంతకం పెట్టి పట్రండి."

సంతకం పెట్టకుండానే బయటికొచ్చాను. సరోజన ఇంకా బెంచీ మీదే ఉంది. "బస్సుకు టైముంది మేడమ్" అంది నా మొహం చూసి. నేను నాచారం గోడౌనుకు వెళ్తున్నానని చెప్పాను. "నేను గూడ వస్త" అని ఆటోలో నాకంటే ముందు ఎక్కి కూర్చుంది.

గోడౌనులో

గోడౌను చూసుకునేది నర్సింహ. పని పిచ్చోడు. ట్రేల మీద దుమ్ము వాలితే తన మీద వాలినట్టు బాధపడేవాడు. మేం వెళ్ళగానే ఆ ఊరి ట్రేలు బయటికి లాగించి ఎండలో పెట్టించాడు. అవి మెరిసిపోతున్నాయి.

సరోజన వంగి చూసి, "గిది మా ఊరి రాయేనా? మా ఊళ్ళె ఏదీ గింత మెరువది మేడమ్" అని నవ్వింది.

నేను లెన్స్ పెట్టాను. పై మెరుపు వల్ల గింజల అంచులు తెలియడం లేదు. నీటి బొట్టు వేశాను. ముత్యంలా నిలబడింది. రిపోర్టు నిజమేనేమో అని మొదటిసారి భయం వేసింది. చుట్టూ చూశాను. నోటీసు ఉప్పల్‌లో ఉంది, నేను నాచారంలో ఉన్నాను. నాలుక పెట్టాను.

నాలుక సర్రున జారింది. చేదు. దాంతోపాటు కొత్తగా రంగు వేసిన తలుపు వాసన.

"నర్సింహా, దీని మీద ఏం పూశారు?"

"గదా మేడమ్" అని నర్సింహ ముందుకొచ్చాడు. "తనిఖీకి పెద్దసార్లు వస్తున్నరు, రాళ్ళు మంచిగ మెరువాలె అని చెప్పిన్రు. వార్నిష్ కొట్టిచ్చిన. మస్తు మెరుస్తున్నయి గదా?"

"చివర్లకు కూడా కొట్టారా?"

"చుట్టూర, చివర్లకు, అంతట కొట్టిచ్చిన. సగం పని మనం చెయ్యం మేడమ్."

"ఎవరు కొట్టమన్నారు?"

"డైరెక్టర్ సారే చెప్పిండు. ఫోటోలు సూసి శెభాష్ నర్సింహ అన్నడు గూడ."

నేను ట్రే అంచు మీద కూర్చుండిపోయాను. రాయికి చొక్కా తొడిగి, చొక్కా తడవలేదు కాబట్టి మనిషికి చెమట పట్టదని రాసేశాం. ఇలాంటి తప్పు బయటివాళ్ళు చేయలేరు. రాళ్ళంటే అంత మర్యాద మా దగ్గరే ఉంటుంది, ఆ మర్యాదకే రాయి నోరు మూతపడింది.

సుత్తి అడిగాను. నర్సింహ కంగారుపడ్డాడు. "మేడమ్, గవి కొయ్యొద్దన్నరు."

"కోయొద్దన్నారు. విరగ్గొట్టొద్దని అనలేదు."

ఒక్క దెబ్బకు ముక్క రెండైంది. లోపల మెరుపు లేదు. గరుకుగా, లేత గోధుమ రంగులో ఉంది. లెన్స్ కింద గుండ్రటి గింజలు, ఏ గింజకా గింజ. విరుపు వాటి చుట్టూ తిరిగి వెళ్ళింది. నీటి బొట్టు వేశాను, ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుక పెడితే రాయి పట్టుకుంది. గోడౌనులో గట్టిగా నవ్వేశాను. అంత ఆనందం నాకు నా ఉద్యోగం ఆర్డరు వచ్చినరోజు కూడా కలగలేదు.

"ఏమైంది మేడమ్?" అంది సరోజన.

"ఇసుకరాయమ్మా. మీ ఊరి అడుగున ఇసుకరాయి ఉంది. నీళ్ళు తాగుతుంది."

"నీళ్ళు అదే తాగితే మాకేం మిగులుతది?"

"తాగి దాచుకుంటుంది. బోరు వేస్తే ఇస్తుంది."

ఆమె ఆ ముక్క తీసుకుని రెండు చేతుల్లో పట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "అయితే నేను సోమవారం దాక ఈడనే ఉంట. పీర్జాదిగూడల మా చెల్లె ఉన్నది" అంది.

సోమవారం

మర్నాడు శనివారమే ముక్కలు కోయించాను, నియమాల సంగతి తర్వాత చూసుకోవచ్చని. థిన్ సెక్షన్‌లో గుండ్రటి గింజలు, మధ్య పలుచని అతుకు, దానిచుట్టూ ఖాళీలు కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. కోసిన ముక్కల్ని మళ్ళీ నానబెట్టి తూయించాను. పూత లేని రాయి దాహంగా తాగింది. భాస్కరరావు గారికి ఫోన్ చేస్తే పెళ్ళిలో ఉన్నారు. "సోమవారం మాట్లాడదామండీ" అని పెట్టేశారు. వార్నిష్ మాట ఆయనకు ముందే చెప్పాలని సోమవారం పెందలాడే వెళ్ళాను. అప్పటికే చీఫ్ ఇంజనీరుతో హాల్లో కూర్చుని ఉన్నారు.

నేను ఆ ముక్కను, ఒక గ్లాసు నీళ్ళను బల్ల మీద పెట్టాను. వార్నిష్ వైపు ఒక బొట్టు వేశాను. నిలబడింది. తిప్పి విరిగిన వైపు ఒక బొట్టు వేశాను. పోయింది.

చీఫ్ ఇంజనీరు ముందుకు వంగారు. "ఇవి రెండూ ఒకే రాయా?"

"ఒకే ముక్క సార్."

"మరి పైన ఏముంది?"

"పైన వార్నిష్ ఉంది సార్" అన్నాను. ఎవరు కొట్టించారో చెప్పలేదు. నాకు చెప్పాలనిపించలేదు.

భాస్కరరావు గారు చేయి చాపి ముక్క తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఆ మనిషి, గోడ మీద నోటీసు పెట్టించిన మనిషి, అందరూ చూస్తుండగా వార్నిష్ వైపు నాలుక ఆనించి మొహం చిట్లించారు. తిప్పి రెండోవైపు ఆనించారు. ఈసారి నాలుక వెంటనే రాలేదు.

"వార్నిష్ నేనే కొట్టించానండీ, ఫోటోల కోసం" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. "తప్పు నాది. ఇది ఇసుకరాయి. ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాం. బోరుకు సిఫారసు చేస్తున్నాం."

నేను మీకు చెప్పదలచుకున్నది ఈ చోటే ఉంది. తప్పు ఎవరైనా చేస్తారు. నలుగురిలో, అడక్కముందే, ఒక్క సాకు చెప్పకుండా దాన్ని తనమీద వేసుకున్న ఆఫీసరును నేను మళ్ళీ చూడలేదు. ఆరోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. అలాగని నా నోరు ఊరుకోదు కదా.

"సార్, మీ నాలుక్కి కాలిబ్రేషన్ ఎవరు చేశారు?" అనేశాను.

ఒక్క క్షణం ఆయన నన్ను చూశారు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు. చీఫ్ ఇంజనీరుకు ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వారు. నేను తలుపు తీసి, బయట నిలబడ్డ సరోజనకు తల ఊపి చూపించాను. ఆమె అక్కడే గోడకు చేరబడి కూర్చుండిపోయింది.

మీకు చెప్పేది

ఆ తర్వాత చాలా రాళ్ళు చూశాను, కొన్ని పెద్ద పనులకు నా మాట ఆధారమైంది. ఎక్కడికి పిలిచినా పిల్లలకు మాత్రం ఈ ఒక్క రాయి గురించే చెబుతాను. యంత్రం అబద్ధం చెప్పలేదు. అది వార్నిష్‌ను తూచి వార్నిష్ సంగతి సరిగ్గానే చెప్పింది. దేన్ని తూస్తున్నామో చూసుకోవాల్సింది మనం. నాలుక కూడా గొప్పది కాదు, అది అనుమానం తెచ్చిపెట్టిందంతే. తేల్చింది సుత్తి, లెన్స్, మైక్రోస్కోపు, మళ్ళీ అదే త్రాసు. యంత్రం ఒక్కటే చాలనే వాళ్ళతోనూ, చూపు ఒక్కటే చాలనే వాళ్ళతోనూ నాకు పడదు. మరో మాట. కొత్తగా విరిచిన ముఖం చూడకుండా ఏ రాయికీ పేరు పెట్టకండి. మీ పైవాళ్ళు తొందరపెట్టినా సరే, సంతకం మీదే.

నర్సింహను ఎవరూ ఏమీ అనలేదు. చెప్పిన పని శుభ్రంగా చేశాడు పాపం. కాకపోతే ఆ తర్వాత గోడౌనులో బ్రష్షు పట్టుకున్న మనిషిని చూస్తే నాకు గుండె ఝల్లుమనేది.

టిఫిను డబ్బా

బోరు పడింది. నీళ్ళు వచ్చినరోజు సరోజన ఫోన్ చేసింది. మాట్లాడింది ఏమీ లేదు, ఫోనులో జనం అరుపులు, నీళ్ళ హోరు మాత్రం వినపడ్డాయి. నేను సెక్షన్ మధ్యలో ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. అందరూ వచ్చి చుట్టూ చేరారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు మధ్యాహ్నం ఆమే వచ్చింది, చేతిలో స్టీలు టిఫిను డబ్బాతో. నా గదిలో కాకుండా తిన్నగా ల్యాబులోకి వచ్చి, త్రాసు పక్కన మెరిసే బల్ల మీద డబ్బా పెట్టి మూత తీసింది. కందిపప్పు. చింతపండు, ఎండుమిరపకాయ పోపు వాసన గదంతా కమ్ముకుంది. ఇక అయిందిరా భగవంతుడా అనుకున్నాను. నోటీసు ఎదురుగా గోడ మీదే ఉంది.

వాసనకు భాస్కరరావు గారు తన గదిలోంచి వచ్చారు. డబ్బాను చూశారు, నోటీసును చూశారు. జేబులోంచి పెన్ను తీసి, గోడ దగ్గరికి వెళ్ళి, నాలుకతో తాకుట అన్న మాటల మీద గీత కొట్టారు. కాస్త ఆలోచించి, తినుట మీద కూడా కొట్టారు.

"మా ఊరి నీళ్ళల్ల వండిన సార్. తినుండ్రి" అంది సరోజన.

ఆయన చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. ఒక్క పలుకు తగలలేదు, నేనూ తిన్నాను కాబట్టి చెబుతున్నాను. వెన్నలా ఉంది. ఆయన ఇంకో చెంచా తీసుకున్నారు, మూడోది కూడా.

"బాగా మెత్తగా ఉడికిందమ్మా. ఎన్ని విజిల్స్ పెట్టావు?"

సరోజన నా వైపు చూసింది. ఆ మొహంలో వెలుగు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

"ఒక్కటే సార్" అంది.